60 లక్షలనగా ఎంత?

జూబిలీ హిల్స్, ఫిలిం నగర్ అనగానే మనకు స్ఫురించునవి చలనచిత్రములు. మేము నేడు ప్రస్తావించు చిత్రము మాత్రము అచ్చట తీసినది కాదు. 2004లో వెలువడిన ‘పేపర్ క్లిప్స్’ అను ఆ అమెరికా డాక్యుమెంటరీలో కథానాయకులు బడిపిల్లలు.

టెన్నెస్సీ రాష్ట్రమున విట్‌వెల్ అను చిన్న ఊరు కలదు. జనసంఖ్య అప్పటికి 2 వేల లోపే. మన పంచాయతీలు పెక్కు అంతకు పెద్దవి. హిట్లరు ప్రభుత్వము 60 లక్షల యూదులను చంపించినదని 1998లో అచ్చటి పిల్లలు చదివిరి. అంత సంఖ్య వారి ఊహకందలేదు. మనిషికొక వస్తువు చొప్పున ప్రోగుచేసి చూతమనుకొని, కాగితములకు తగిలించు క్లిప్పును ఎన్నుకొనిరి. జర్మను ఆక్రమణకాలమున నార్వే ప్రజలు నిరసనగా దుస్తులకు ధరించినది ఆ క్లిప్పునే. తపాలాలో 3 కోట్లకు పైగా వచ్చినవి. పెక్కింటితో, మరణించిన బంధువులను గూర్చిన ఉత్తరములును వచ్చెను. లెక్కకంటె ఈ ఉత్తరములే విలువైనవని మా అభిప్రాయము. 2001లో, జర్మనీనుండి తెప్పించిన పాత రైలుపెట్టెలో, హతులైన ఇతరులను కూడ కలుపుకొని, 1 కోటి 10 లక్షల క్లిప్పులనుంచిరి.

మనకును 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన కలదు. సుమారు 10 వేలమంది మరణించిరి. నాడు ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావుగారలు వీధులవెంట తిరిగి విరాళములు సేకరించిరి. కాని మృతుల పేర్లు నేటి పిల్లలలో ఎందరెరుగుదురు? తీరగ్రామ పంచాయతీలు ఉపాధ్యాయులతో కలిసి, మిగిలియున్న చెంబో, వలముక్కయో ఇంటింట అడుగవచ్చును. కుటుంబీకుల సమ్మతి ముందు పొందవలయును. వస్తువెవరిదో చీటీ వ్రాసి కట్టి, బడిలో ఒక బీరువా కేటాయించిన చాలును.