దాటుచోటు: పదమూడవ శతాబ్దపు నెల్లూరు సీమ

ఉర్దూ తరగతిలో 'ఉబూర్' అను మాట వినని విద్యార్థి మన కళాశాలలో ఉండడు. దాటుట అని దాని అర్థము. ఆ ధాతువు నుండియే 'మాబర్' అను అరబ్బీ పదము పుట్టినది. దాటుచోటు అని దానిని తెనిగింపవచ్చును. అరబ్బు నావికులును, పారశీక చరిత్రకారులును మన ఆగ్నేయ తీరమునకు పెట్టిన పేరు ఇదియే. 14వ శతాబ్ది ఆరంభమున వస్సాఫ్ అను పారశీక చరిత్రకారుడు, మాబర్ దేశము కొల్లము మొదలుకొని 'నీలావర్' వరకు సముద్రము వెంట వ్యాపించియున్నదని వ్రాసెను. నీలావర్ అనగా నెల్లూరని చరిత్రకారుల నిర్ణయము. తెలుగు తరగతిలో తిక్కన సోమయాజి ఊరుగా చదువుకొను పట్టణము ఫారసీ గ్రంథములో దాటుచోటునకు ఉత్తరపు గడపగా కనబడుట నాకు నేటికిని ముచ్చట గొలుపును.

పటము తెరచి చూచిన ఈ పేరులోని ఔచిత్యము బోధపడును. పడమట వెలికొండలు, తూర్పున సముద్రము, దక్షిణపు కొసన పులికాటు సరస్సు, నడుమ సన్నని మైదానము. ఓరుగల్లు నుండి తీరమార్గమున కంచికి పోవు సేన గాని, బిడారు గాని పెన్న దాటి ఈ మైదానము మీదుగానే సాగవలెను. 13వ శతాబ్ది మధ్యకాలమున ఉత్తరమున కాకతి గణపతిదేవుడు వర్ధిల్లుచుండెను. దక్షిణమున చోళులు క్షీణింపగా పాండ్యులు విజృంభించుచుండిరి. ఈ ఇరువురి నడుమ నెల్లూరు తెలుగు చోడుల రాజ్యము నిలిచియుండెను.

గణపతిదేవునకు సముద్రము విలువ తెలియును. నెల్లూరునకు ఉత్తరముగా, నేటి బాపట్ల జిల్లాలోనున్న మోటుపల్లి రేవున ఆయన 1244-45లో వేయించిన అభయశాసనము నేటికిని నిలిచియున్నది. పూర్వపు రాజులు తుఫానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొని వచ్చిన ఓడలలోని ఏనుగులను, గుర్రములను, రత్నములను బలాత్కారముగా హరించుచుండిరట. తాము అట్లు చేయక నియమిత సుంకము మాత్రమే గైకొందుమని ఆయన ప్రకటించెను. ఎగుమతి దిగుమతులపై సుంకము ముప్పదింట ఒకటి. చందనము, కర్పూరము, పన్నీరు, దంతము, ముత్యములు, పట్టు, మిరియములు మొదలగు సరకుల పట్టిక కూడ ఆ శాసనములో కలదు. దయ, కీర్తి, ధర్మము అను మాటలు అందులో ఉన్నను, అది మంచి వర్తకనీతి కూడనని నా అభిప్రాయము. ఓడ పగిలినచో ఉన్నదంతయు పోవుననిన రేవునకు వర్తకుడు రెండవసారి రాడు. ఆ కాలమున మేలుజాతి గుర్రములు సముద్రము మీదనే రావలెను. మాబర్‌కు పోవు ఒక్కొక్క గుర్రము వెల 220 దీనారములని వస్సాఫ్ లెక్క. రమారమి అర్ధశతాబ్ది తరువాత మార్కోపోలో మోటుపల్లి రాజ్యపు వజ్రములను, సన్నని వస్త్రములను మెచ్చుకొనుటకు ఈ అభయము కొంత కారణమని ఊహింపవచ్చును. 1358లో రెడ్డిరాజగు అనపోతారెడ్డి ఇట్టి అభయమునే అచ్చట మరల ఇచ్చెను.

సముద్రద్వారము గణపతిదేవునికి చిక్కినది గాని దక్షిణపు దారి మాత్రము పరుల చేతిలో ఉండెను. నెల్లూరు రాజగు మనుమసిద్ధి దాయాదులచే రాజ్యభ్రష్టుడు కాగా, తిక్కన సోమయాజి ఓరుగల్లు వెళ్ళి గణపతిదేవుని సాయము కోరెనని సిద్ధేశ్వర చరిత్రము చెప్పుచున్నది. సాయము లభించెను, మనుమసిద్ధి మరల సింహాసనమెక్కెను. 1249 నాటి గణపతిదేవుని శాసనము కంచి ఏకామ్రనాథాలయములో కనబడుచున్నది. ఈ రెండు సంగతులను విడదీసి చదువరాదు. నెల్లూరు తలుపు తెరచుకొన్నందుననే కాకతీయ శక్తి కంచి ముట్టినది.

అయితే తలుపు ఒకవైపునకే తెరచుకొన్నది. మనుమసిద్ధి కాకతీయ పక్షపు రాజు. కావున పాండ్యులకు నెల్లూరు దారి కాదు, శత్రువు కోట. 1263లో జటావర్మ సుందరపాండ్యుడు దండెత్తి వచ్చి ముత్తుకూరు వద్ద మనుమసిద్ధిని చంపి, నెల్లూరులో వీరాభిషేకము చేయించుకొనెను. మన పాఠ్యగ్రంథములు ఈ యుద్ధమును ఒక వాక్యముతో దాటివేయును. గెలిచినది మధుర, ఓడినది ఓరుగల్లు అని వ్రాయుదురే గాని, పంటలు తొక్కుడుపడినది ఎవరివో వ్రాయరు.

నేటి ఉదాహరణమొకటి చెప్పెదను. 2013లో చైనా అధ్యక్షుడు కొత్త పట్టుదారి పథకమును తొలుత ప్రకటించినది కజకిస్తాన్ రాజధానిలో. మహాసముద్రపు ఒడ్డు లేని ఆ దేశము ఖోర్గోస్ వద్ద మెట్టరేవును నెలకొల్పి, చైనా సరకును పడమటి దేశములకు దాటించుచున్నది. అయినను రష్యాతో సుంకపు ఒడంబడికను విడువలేదు, ఐరోపాకు చమురమ్ముట మానలేదు. ఇరుగుపొరుగులందరికి తన దారి అవసరమగునట్లు చూచుకొన్నది. మనుమసిద్ధికి ఆ అవకాశము ఉండెనా? దాయాదుల పోరులో చిక్కినవానికి అంత తీరిక లేదని వాదింపవచ్చును. అది కొంత నిజమే.

ముత్తుకూరు ఎక్కడనో లేదు, నేటి కృష్ణపట్నము రేవునకు పోవు దారిలోనే ఉన్నది. ఆ పాతరేవునకు శాసనములలో గండగోపాలపట్టణమను పేరు కలదు. గండగోపాలుడనునది నెల్లూరు చోడుల బిరుదు. 2008లో కొత్తరేవు పని ప్రారంభించిన తొలినాళ్ళలో బళ్ళారి ఇనుప ఖనిజము ఇచ్చటినుండియే చైనాకు పోయినది. 2019లో వెలికొండలను ఆరు కిలోమీటర్లకు పైగా తొలిచి వేసిన సొరంగపు రైలుమార్గము రాయలసీమను ఈ తీరమునకు దగ్గర చేసినది. మనుమసిద్ధి నాటి కొండగోడకు ఇప్పుడు వాకిలి ఏర్పడినది. ఖనిజము దాటిపోవును, బొగ్గు దాటివచ్చును. ముప్పదింట ఒకటి గణపతిదేవుని లెక్క. దాటిపోవు సరకులో మన తీరగ్రామములకు ఎన్నింట ఒకటి మిగులుచున్నదో అర్థశాస్త్ర విద్యార్థులు ఈ సెలవులలో ముత్తుకూరు వెళ్ళి, అంగళ్ళలోను, పడవల యొద్దను విచారించి వ్రాసిన, వచ్చు సంచికలో ప్రచురింపవచ్చును.