హార్మోనియం ఇవ్వచ్చా?

ప్రశ్న: నాన్నగారికి పక్షవాతంతో కుడిచెయ్యి, మాట దెబ్బతిన్నాయి. హార్మోనియం కావాలని సైగ చేస్తున్నారు. ఇవ్వచ్చా?

జవాబు: నిరభ్యంతరంగా ఇవ్వండి. వేళ్లకు అది మంచి కసరత్తు. అయితే ఫిజియోథెరపీకి తోడే తప్ప బదులు కాదు. మాట పెగలని కొందరు పాట మాత్రం పాడగలరు. ఆ ఆధారంతోనే 1973లో అమెరికాలో రాగంతో మాట నేర్పే చికిత్స వచ్చింది. రోజూ నచ్చిన సంగీతం విన్న రోగుల్లో జ్ఞాపకశక్తి, ఏకాగ్రత బాగా మెరుగైనట్టు ఫిన్లాండ్ పరిశోధకులు 2008లో చూపారు.

పక్షవాతం మళ్లీ రావచ్చు. మూతి వంకర, చెయ్యి వాలిపోవడం, మాట ముద్దగా రావడం... ఒక్కటి కనిపించినా, వెంటనే తగ్గిపోయినా 108కి ఫోన్ చేయాల్సిందే.

రక్తపు గడ్డను కరిగించే మందు సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు. అదీ సీటీ స్కాన్‌లో రక్తస్రావం లేదని తేలాకే. కాబట్టి పసరు వైద్యం వద్దు, ఇంట్లో సొంతంగా ఆస్పిరిన్ వేయొద్దు. లక్షణాలు ఎన్నింటికి మొదలయ్యాయో డాక్టరుకు చెప్పండి.