కొడుకు మాట వినబడును, కోడలి మాట వినబడదు

పాఠ్యభాగములు: 2 సమూయేలు 19:31–39, మార్కు 7:31–37



అబ్షాలోము తిరుగుబాటు అణగిన తరువాత దావీదు రాజు యెరూషలేమునకు తిరిగి వెళ్లుచుండగా, ఎనుబది యేండ్ల బర్జిల్లయి అతనిని సాగనంపుటకు యొర్దాను నది యొద్దకు వచ్చెను. రాజు మహనయీములో నున్నప్పుడు ఆహారమిచ్చి ఆదుకొన్నవాడు ఇతడే. రాజు ఆ మేలు మరువక, తనతో వచ్చి యెరూషలేములో నుండుమని బతిమాలెను. ముసలివాడు ఒప్పుకొనలేదు. తనకు తిండి రుచి తెలియుట లేదనియు, పాడువారి స్వరము చెవికి అందుట లేదనియు, తాను వచ్చిన యెడల రాజునకు బరువగుదుననియు చెప్పి సెలవు పుచ్చుకొనెను.

ఈ భాగమును మేము ఎన్నియో మారులు చదివితిమి గాని, ఇందులోని యొక సంగతిని గమనింపలేదు. చెవి మందగించినవాడు తన్ను తానే బరువుగా ఎంచుకొని, ప్రేమతో పిలిచిన బల్లనుండి కూడ తొలగిపోవును. ఈ సంగతి మాకు హైదరాబాదు పాతబస్తీలో, కంచన్‌బాగ్‌లోని యొక యింట తెలియవచ్చినది.

కంచన్‌బాగ్ దేశరక్షణ పనులకు పేరుపొందిన స్థలము. 1970లో భారత్ డైనమిక్స్, 1973లో మిశ్రధాతు నిగమ్ స్థాపింపబడినవి. 1982లో అబ్దుల్ కలాంగారు అక్కడి రక్షణ పరిశోధనాలయమునకు డైరెక్టరుగా వచ్చిరి. వందల మైళ్లు పోవు క్షిపణులకు రూపమిచ్చిన ఆ పేటలోనే, ఒక చిన్న యింట ఒక మాట వంటగది గడప దాటి ముందుగదిలోనికి చేరలేకపోయెను.

మా సంఘపు వృద్ధురాలొకామె, భర్త ప్రభువునందు నిద్రించిన తరువాత, అక్కడ కాపురమున్న కుమారుని యింటికి చేరెను. మేము వారిని దర్శింపబోగా కోడలు కన్నీళ్లతో ఇట్లనెను: “అయ్యగారూ, అత్తమ్మకు కొడుకు మాట మంచిగ ఇనవడ్తది. నా మాట, పిల్లల మాట ఇనవడదు. నేనంటే ఇష్టం లేకనే గదా?” అత్తగారు ఆ తరువాత మాతో మెల్లగా అనిన మాట ఇది: “వాళ్లల్ల వాళ్లే మాట్లాడుకుంటరు, నవ్వుకుంటరు. నన్ను జూసే నవ్వుతున్నరేమో అయ్యగారూ.”

మేము త్వరపడి తీర్పు తీర్చితిమి. కోడలిని కూతురివలె చూచుకొమ్మని ఆ తల్లికి బుద్ధి చెప్పి, తల వంచి, మెల్లని స్వరముతో ప్రార్థించి వచ్చితిమి. ఆ ప్రార్థన కూడ ఆమెకు వినబడలేదని తరువాత తెలిసికొని సిగ్గుపడితిమి.

కొన్ని నెలలకు కుమారుడు ఆమెను కోఠిలోని ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రికి తీసికొనిపోగా, మేమును వెంట వెళ్లితిమి. మొదట చెవులలోని గులిమి తీసిరి. పిమ్మట శబ్దము చొరని గదిలో కూర్చుండబెట్టి, సన్నని ధ్వనులు, బొంగురు ధ్వనులు ఒక్కొక్కటిగా వినిపించి పరీక్షించిరి. అప్పుడు అసలు సంగతి బయటపడెను.

మన లోపలి చెవిలో నత్తగుల్లవలె చుట్టుకొనిన యొక భాగము కలదు. అందులో అతి సూక్ష్మమైన రోమకణములు శబ్దమును గ్రహించి మెదడునకు పంపును. వయస్సువలనను, చిరకాలము పెద్ద చప్పుళ్లలో పనిచేయుటవలనను ఇవి నశించును. నశించినవి మనుష్యులలో మరల మొలవవు. సన్నని ధ్వనులను పట్టు కణములు ముందుగా చెడును. కావున పురుషుని బొంగురు గొంతు అందినను, స్త్రీల స్వరము, పిల్లల స్వరము సరిగా అందవు. స, శ, త, క వంటి అక్షరములు జారిపోవును. మాట వినబడును గాని అర్థము తెలియదు. ఫంకా తిరుగుచున్నను, గిన్నెలు మ్రోగుచున్నను మరింత కష్టము. మనము అరచినయెడల మాట స్పష్టము కాదు; మన ముఖములో కోపము మాత్రము స్పష్టముగా కనబడును.

ఆ యింట ద్వేషము లేదు. నశించిన కణములు ఉన్నవి. మేము పాపమని యెంచినది వ్యాధి.

ఇది ఒక యింటి సంగతి కాదు. 60 ఏండ్లు దాటినవారిలో నూటికి 65 మందికి పైగా ఎంతో కొంత వినికిడి లోపము గలదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ప్రకటించినది. వినబడనివారు పదే పదే అడుగుటకు సిగ్గుపడి, అర్థము కాకున్నను తల ఊపుదురు. పిమ్మట కూటములకు రావడము మానుదురు. ఒంటరితనము, దిగులు వారిని పట్టును. మతిమరుపు వ్యాధికి దారితీయు కారణములలో మనము సరిదిద్దగలవాటిని వైద్య పండితులు లాన్సెట్ పత్రికలో 2024లో పదునాలుగుగా లెక్కించి, వినికిడి లోపమును వాటిలో చేర్చిరి. చెవి మందగించిన ప్రతివారికి ఆ వ్యాధి వచ్చునని దీని భావము కాదు; ముసలితనమే గదా అని ఊరకుండరాదని మాత్రము భావము.

దెకపొలి ప్రాంతములో మన ప్రభువు చెవిటివానికి ఏమి చేసెనో చూడుడి. ముందుగా వానిని జనసమూహమునుండి ఏకాంతమునకు తీసికొనిపోయెను. అనగా సందడినుండి తప్పించెను. వాని చెవులను తాకెను. ఆకాశమువైపు కన్నులెత్తెను. చెవికి అందని దానిని స్పర్శతోను చూపుతోను ముందుగా తెలియజేసెను. నిట్టూర్పు విడిచెను, వాని బాధ ఆయనకు బరువైనది. మాట ఆ తరువాతనే వచ్చినది. స్వస్థత మన చేతిలో లేదు గాని, ఈ మర్యాద మన చేతిలో నున్నది.

కావున పెద్దలతో మాటలాడునప్పుడు వెనుకనుండి పిలువక ఎదుటికి వచ్చి, చేయి తాకి, వెలుతురులో ముఖము కనబడునట్లు, నిదానముగా మాటలాడుదము. అర్థము కానిచో అదే మాటను గట్టిగా అరవక, వేరు మాటలతో చెప్పుదము. “ఏమీలేదు, పోనీలే” అని ఎన్నడును అనకుందము. వారిని బల్లనుండి లేపివేయు మాట అదియే. ఆరాధనలో వారిని ముందు వరుసలో కూర్చుండబెట్టి, వాక్యభాగమును వేలుతో చూపుదము. చెవిలో కాచిన నూనె పోయుట, పుల్లలు పిన్నులు పెట్టుట మానుదము. ఒక్కసారిగా వినికిడి పోయినయెడల నాటికి నాడే వైద్యుని యొద్దకు తీసికొనిపోదము.

వినికిడి యంత్రము కొనలేని బీదలు నిరాశపడనక్కరలేదు. దారిద్ర్యరేఖకు దిగువనున్న 60 ఏండ్లు దాటినవారికి వినికిడి యంత్రములు, కళ్లజోళ్లు, చేతికర్రలు మొదలైనవి ఉచితముగా ఇచ్చుటకు రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017 ఏప్రిల్ 1వ తేదీన మన నెల్లూరులోనే ప్రారంభింపబడినది. మన యువకులు జిల్లా సంక్షేమ కార్యాలయములో విచారించి, పెద్దలను వెంటబెట్టుకొని వెళ్లవలెను.

ఆ తల్లికి యంత్రము దొరికినది. మొదటి వారములలో గిన్నెల మోతకు తాళలేక పెట్టెలో దాచివేసెను. కోడలు దినమునకు కొంత సేపు పెట్టించి అలవాటు చేసెను. ఇప్పటికిని అన్నియు వినబడవు. అయితే మేము క్రిందటి మారు వెళ్లినప్పుడు కోడలు ఎదుటికి వచ్చి, మోకాలు తాకి, ఏదో చెప్పగా, ఆ తల్లి సిగ్గుపడక, “మల్లొక్కపారి చెప్పు బిడ్డా” అనెను. మేము చెప్పిన బుద్ధి వలన కాని సంగతి అట్లు జరిగెను.

గృహకూటములలో ఆలోచించుటకు:
1. మన సంఘమునకు ఇటీవల రాక మానిన వృద్ధులెవరు? వారికి వినబడుచున్నదా అని ఎవరైన విచారించిరా?
2. బర్జిల్లయి తన్ను బరువని యెంచుకొనెను. అయినను రాజు అతనిని ముద్దుపెట్టుకొని దీవించెను. మన యింటి పెద్దలకు వారు బరువు కారని మనమెట్లు తెలుపుచున్నాము?