పాత యింటి సరకు - శ్రావకుని జమాఖర్చు

శ్రావకుడు విడువవలసిన 15 కర్మాదానములలో అంగారకర్మము, స్ఫోటకర్మము అను రెండు కలవు. ఆవము పెట్టి కాల్చి బ్రతుకుట మొదటిది. నేలను త్రవ్వి, రాతిని పగులగొట్టి బ్రతుకుట రెండవది. ఇటుకబట్టీ నడపని వర్తకుడు ఈ దోషములు తన్నంటవని తలచును. కాని అతడు ఇల్లు కట్టించునపుడు ఆ త్రవ్వకము, ఆ నిప్పు ఎవరి కొఱకు?

కోలారు బంగారు గనుల సీమ ఇందుకొక పాఠము. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతబడినవి. రాతిని పిండిచేసి బంగారము తీయగా మిగిలిన యిసుక మాత్రము సయనైడు దిబ్బలై నిలిచియున్నది. ఆ దిబ్బలను త్రవ్వి ఇటుకలు చేయు ప్రయత్నమును నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రాక్ మెకానిక్స్ పరిశోధకులు చేసిరి. ఫలితములు 2007లో వెలువడినవి. నూటికి 20 పాళ్లు సిమెంటు కలిపి, 14 దినములు తడిపిన ఇటుక పనికివచ్చినది గాని ఖర్చు గిట్టలేదు. నల్లరేగడితోను, ఎఱ్ఱమట్టితోను కలిపి కాల్చిన ఇటుక చౌకగా వచ్చినది. అయినను నిప్పు తప్పలేదు. రసాయనపరీక్ష లేనిదే ఆ యిసుకను ఎవ్వరును ఇంటిపనికి తేరాదు.

మరల కాల్చనక్కరలేని ఇటుక పాత గోడలోనే యున్నది. సున్నముతో కట్టిన గోడ ఇటుక తేలికగా ఊడివచ్చును. సిమెంటు పట్టినది తరచు పగులును. రెండిటుకలను తట్టిన కంగుమని మ్రోగవలెను. ఒక దినము నీట నానవేసిన, తన బరువులో నూటికి 20 వంతులకు మించి నీరు పీల్చరాదు. దూలములకు మేకులు తీసి, చెదలు చూడవలెను. రాతిబండలను చెక్కు చెదరకుండ దింపిన మరల పరచుకొనవచ్చును.

పగిలిన కాంక్రీటును సయితము పారవేయనక్కరలేదు. భారత ప్రమాణము 383, 2016 సవరణ ననుసరించి, దానిని పరీక్షించిన కంకరగా మార్చి, ఇనుము లేని కాంక్రీటులో కంకర పాలున నూటికి 25 వంతుల వరకు, ఇనుముగల సాధారణ కాంక్రీటులో 20 వంతుల వరకు వాడవచ్చును.

కావున గోడ కూల్చకముందే చిట్టా వ్రాయవలెను: ఉన్నదున్నట్లు వాడదగినదెంత, పగులగొట్టి వాడదగినదెంత, క్రొత్తగా కొనవలసినదెంత? మిగిలినది అమ్మునపుడు పాతదని చెప్పియే అమ్మవలెను. లోపమును దాచిన సత్యవ్రతమునకు భంగము. కూలీలకు త్వరపెట్టిన సరకు ముక్కలగును. రెండు దినముల కూలి ఎక్కువైనను, క్రొత్త మట్టికి పెట్టు ఖర్చు తగ్గును, త్రవ్వవలసిన నేలయు తగ్గును.