పోటీ పరీక్షల ప్రత్యేకం: దాశరథి గేయంలో యుద్ధం మిగిల్చే గాయం

దాశరథి కృష్ణమాచార్య: జననం 22 జులై 1925, చిన్నగూడూరు, మరణం 1987. ‘అగ్నిధార’ 1949, ‘రుద్రవీణ’ 1950, ‘మహాంధ్రోదయం’ 1955. ‘తిమిరంతో సమరం’కు కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు 1974. నిజామాబాద్‌లోని కంఠేశ్వర్ అభ్యర్థులకు ఊరి సంగతే: నిజాం ఆయన్ను ఇందూరు (నిజామాబాద్) ఖిల్లా జైలులో బంధించాడు. పళ్లు తోముకోవడానికిచ్చిన బొగ్గుతో గోడల మీద పద్యాలు రాశారు. తోటి ఖైదీ వట్టికోట ఆళ్వారుస్వామి (‘ప్రజల మనిషి’ నవలాకారుడు). ‘అగ్నిధార’ అంకితం ఆయనకే. ‘అగ్నిధార’–ఆళ్వారుస్వామి జతను గుర్తుంచుకోండి.

సముద్రగర్భంలోని బడబానలంతో మొదలయ్యే దాశరథి గేయాన్ని అభ్యుదయ గీతమని రాసి వదిలేస్తే సగం మార్కులే. యుద్ధ నష్టాన్ని ఆ గేయం రణరంగంతో ఆపదు. అందులో రాజు గెలుపు కూడా ఒరిగిన నరకంఠాల లెక్కగానే కనిపిస్తుంది. రాలిపోయిన పసిప్రాణాలు, కడుపుకోత పడ్డ కళ్లు, ఆపైన ఆకలిగొన్నవారు, అనాథలు: హాని ఒక తరంతో ఆగదని చెప్పే వరుస ఇది. ‘ఎంతో’, ‘ఎన్నో’ అంటూ ముగిసే పాదాలకు జవాబు రాదు. లెక్క తేలని నష్టానికి ఆ నిర్మాణమే సాక్ష్యం. తిరుగుబాటు కవి యుద్ధాన్ని ఎలా ఖండిస్తాడని కొందరి అభ్యంతరం. మానవ కల్యాణానికి ఒడ్డిన రక్తాన్నీ, యుద్ధం బలిగొన్న పసివాళ్లనూ కవి వేర్వేరు పాదాల్లో నిలిపాడు. త్యాగం, సంహారం ఆయనకు ఒకటి కావు. ఏ యుద్ధమో పేరు చెప్పలేదన్నది మరో ఆక్షేపణ. పేరు లేనందువల్లే 1948 సెప్టెంబరులో హైదరాబాద్‌పై జరిగిన పోలీసు చర్యకైనా, 1945 హిరోషిమాకైనా అన్వయిస్తుంది. మెయిన్స్‌లో ఈ పోలిక రాయండి.