మీ పాస్‌వర్డ్ యాప్‌కు కూడా తెలియకూడదు!



ఫీజు కట్టాలన్నా, హాజరు చూడాలన్నా, యూనిట్ టెస్ట్ మార్కులు తెలుసుకోవాలన్నా ఇప్పుడు మనం మొదట చేసే పని లాగిన్ కావడం. మొబైల్ నంబరు, పాస్‌వర్డ్ కొట్టగానే మన పిల్లల వివరాలు తెర మీదికి వస్తాయి. "అమ్మా, మన పాస్‌వర్డ్ వాళ్ల దగ్గర రాసి ఉంటుందా?" అని మీ అబ్బాయో అమ్మాయో అడిగితే ఏం చెబుతారు? ఈ నెల పాఠం అదే.

లాగిన్ వెనుక ఏం జరుగుతుంది?

ప్రతి యాప్ వెనుక ఒక డేటాబేస్ ఉంటుంది. దాన్ని పెద్ద హాజరు పట్టీ అనుకోండి. ఒక్కో ఖాతాకు ఒక్కో వరుస. మీరు లాగిన్ నొక్కగానే సర్వర్ మీ నంబరున్న వరుసను వెతికి, మీరు కొట్టిన పాస్‌వర్డ్ సరైనదో కాదో పోల్చి చూస్తుంది. సరిపోతేనే లోపలికి రానిస్తుంది.

పోల్చాలంటే పాస్‌వర్డ్‌ను ఉన్నదున్నట్టు రాసి పెట్టుకోవాలి కదా అనిపిస్తుంది. కానీ అది ప్రమాదం. 2009 డిసెంబరులో రాక్‌యూ అనే అమెరికా సంస్థ డేటాబేస్‌లోకి దొంగలు చొరబడ్డారు. పాస్‌వర్డ్‌లన్నీ అక్కడ ఉన్నవి ఉన్నట్టే రాసి ఉన్నాయి. దాదాపు 3.2 కోట్ల ఖాతాల పాస్‌వర్డ్‌లు ఒక్కసారిగా బయటపడ్డాయి. వాటిలో ఎక్కువ మంది పెట్టుకున్నది ఏమిటో తెలుసా? 123456!

పిండి నుంచి బియ్యం రావు

దీనికి పరిష్కారం హ్యాషింగ్. మరలో పోసిన బియ్యం పిండి అవుతాయి గానీ, ఆ పిండి మళ్లీ బియ్యం కాదు. అలాగే హ్యాష్ అనే గణిత ప్రక్రియ పాస్‌వర్డ్‌ను వెనక్కి మార్చలేని అక్షరాల వరుసగా చేస్తుంది. ఉదాహరణకు షా-256 అనే పద్ధతిలో పాస్‌వర్డ్ చిన్నదైనా పెద్దదైనా 64 అక్షరాల ఫలితమే వస్తుంది. ఒక్క అక్షరం మారితే ఫలితం పూర్తిగా మారిపోతుంది. డేటాబేస్‌లో దాచేది ఈ ఫలితాన్నే. మీరు లాగిన్ అయిన ప్రతిసారీ కొట్టిన పాస్‌వర్డ్‌ను మళ్లీ హ్యాష్ చేసి, రెండు ఫలితాలనూ పోలుస్తారు. అసలు పాస్‌వర్డ్‌ను దాచాల్సిన పనే లేదు.

చిటికెడు ఉప్పు

ఇద్దరు తల్లిదండ్రులు ఒకే పాస్‌వర్డ్ పెట్టుకుంటే? హ్యాష్ కూడా ఒకటే వస్తుంది. అప్పుడు దొంగ ఒకటి కనిపెడితే రెండూ దొరికినట్టే. అందుకే ప్రతి ఖాతాకు వేరుగా ఒక యాదృచ్ఛిక సంఖ్యను కలిపి హ్యాష్ చేస్తారు. దీని పేరే సాల్ట్, అంటే ఉప్పు. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌కు చెందిన రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ 1979లోనే ఈ పద్ధతిని వివరించారు. అయినా 2012లో లింక్డ్‌ఇన్ నుంచి లక్షల హ్యాష్‌లు బయటపడినప్పుడు, వాటికి సాల్ట్ కలపలేదని తేలింది.

దొంగలు హ్యాష్‌ను వెనక్కి తిప్పలేరు, కానీ ఊహించగలరు. పేర్లు, పుట్టిన తేదీలు, తేలిక పదాలు ఒక్కొక్కటిగా హ్యాష్ చేసి చూస్తారు. వారి పని ఆలస్యం కావాలనే బీక్రిప్ట్ వంటి పద్ధతులను కావాలని నెమ్మదిగా పనిచేసేలా తయారు చేశారు. అయినా 123456ను ఏ పద్ధతీ కాపాడలేదు. ఇక్కడ బాధ్యత మనదే.

మీరే పరీక్షించండి

ఏదైనా యాప్‌లో 'పాస్‌వర్డ్ మరచిపోయాను' నొక్కండి. కొత్తది పెట్టుకోమని లింక్ వస్తే మంచిదే. మీ పాత పాస్‌వర్డ్‌నే మెసేజ్‌లో పంపితే మాత్రం, వాళ్లు దాన్ని చదవగలిగే రూపంలో దాచారని అర్థం. ఆ పాస్‌వర్డ్‌ను మరెక్కడా వాడకండి.

ఇంట్లో పాటించాల్సినవి

• తొలి పాస్‌వర్డ్‌గా పుట్టిన తేదీ గానీ అడ్మిషన్ నంబరు గానీ ఇస్తే మొదటి రోజే మార్చండి. అవి తోటి పిల్లలకూ తెలుస్తాయి.
• ఈమెయిల్‌కు, బ్యాంకుకు, పిల్లల యాప్‌లకు వేర్వేరు పాస్‌వర్డ్‌లు పెట్టండి. ఒకచోట పోయినదాన్ని దొంగలు అన్నిచోట్లా ప్రయత్నిస్తారు.
• సంబంధం లేని నాలుగు పదాలు కలిపితే పొడవైన, గుర్తుండే పాస్‌వర్డ్ అవుతుంది.
• ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని పిల్లలకు నేర్పండి. మోసపోయి డబ్బు పోతే వెంటనే 1930కు ఫోన్ చేయండి.

పిల్లలతో కలిసి చేయండి

ఇంగ్లిష్ అక్షరాలకు ఏ=1, బి=2 అంటూ అంకెలు వేయండి. 'సి-ఏ-టి'ని కూడితే 3+1+20=24. ఇప్పుడు 24 మాత్రమే చూపించి అసలు పదమేదో చెప్పమనండి. చెప్పడం కష్టం! అయితే 'ఏ-సి-టి'కి కూడా 24 వస్తుంది. మరి ఈ లెక్కతో లాగిన్ నడిపితే ఏం జరుగుతుందో పిల్లలనే అడగండి. తప్పు పాస్‌వర్డ్‌తోనూ తలుపు తెరుచుకుంటుందని వారే చెబుతారు. అసలైన హ్యాష్‌కు అంత క్లిష్టమైన గణితం ఎందుకు అవసరమో వారికి అక్కడే అర్థమవుతుంది.

ఈ ఆదివారం ఓ అరగంట కేటాయించండి. ఆ తర్వాత ఇంట్లోని పాత పాస్‌వర్డ్‌లను అందరూ కలిసి మార్చేయండి.