పొద్దుటి పని

చిరంజీవి శ్రీనుకు,

పందేల రోజు పక్కన పెట్టేసి, తెల్లారుజామున గుర్రాలు తిప్పడానికి మాత్రం పిలుస్తున్నారని మీ అమ్మ దగ్గర బాధపడ్డావట. మలక్‌పేట వదిలేసి ఇంకో ఊరు చూసుకుంటానన్నావట. ఆ ఆలోచనకు ముందు జిమ్మీ వింక్‌ఫీల్డ్ అనే జాకీ సంగతి విను.

1882లో అమెరికాలోని కెంటకీలో పుట్టాడు. పదిహేడుమంది పిల్లల్లో కడసారపువాడు, నల్లజాతివాడు. 1901లో కెంటకీ డెర్బీ గెలిచాడు. మరుసటేడు డెర్బీకి అతను పనిచేస్తున్న లాయం నుంచి రెండు గుర్రాలు దిగాయి, అలన్-ఎ-డేల్, ది రైవల్. పొద్దుటిపూట రెంటినీ ఎక్కి పరుగెత్తించింది ఇతనే. అలన్-ఎ-డేల్‌లో సత్తా ఎక్కువని చేతికి తెలిసిపోయింది. అయినా దాని వేగమంతా ఎవరికంటా పడనివ్వలేదు. ముందుగా ఎంచుకునే అవకాశం నాష్ టర్నర్ అనే పేరున్న తెల్లజాకీది. ఆయన ది రైవల్ కోరుకున్నాడు.

ఇలా దాచమని నీకు చెప్పను. నీ ట్రైనరుకు ఉన్నదున్నట్టు చెప్పాల్సిందే. తర్వాత జరిగింది చూడు. అందరికన్నా ముందు పరుగెడుతున్న అలన్-ఎ-డేల్‌కు చివర్లో కాలు పట్టేసింది. అదిలించి లాభం లేదు. ట్రాక్ బయటివైపు ఇసుక లోతుగా ఉందని వింక్‌ఫీల్డ్‌కు తెలుసు. వెనకనుంచి దగ్గరికొచ్చిన గుర్రాన్నల్లా మెల్లగా ఆ ఇసుకలోకి జరుపుకుంటూ పోయి, కుంటుతున్న గుర్రంతో ముక్కు తేడాలో గెలిచాడు. ఏ గుర్రమో, ఎక్కడ ఇసుకో, రెండూ అతనికి జనం లేని వేళల్లోనే తెలిశాయి. నీకు విసుగొస్తున్న పని అదేరా!

1903 డెర్బీలో తొందరపడి గుర్రాన్ని ముందే దూకించి రెండోస్థానంతో సరిపెట్టుకున్నాడు. ఆ ఏడే ఇంకో తప్పు చేశాడు. ఒకరి గుర్రానికి ఒప్పుకుని, ఎక్కువ డబ్బిస్తామంటే మరొకటి ఎక్కాడు. ఆ ఒకరు జాన్ మాడెన్, చాలా పలుకుబడి ఉన్నవాడు. అప్పటికే నల్లజాకీలను ట్రాకుల మీద నుంచి తరిమేస్తున్నారు. దానికి తోడు ఈ తగువు. 1904లో రష్యా వెళ్లిపోయాడు. ఊరు మారడం తప్పని నేననను, పేరు చెడగొట్టుకుని మాత్రం కదలకు.

రష్యాలో పెద్ద పందేలు గెలిచాడు. విప్లవం వచ్చాక 1919లో, తోటివాళ్లతో కలిసి రెండువందలకు పైగా గుర్రాలను ఒడెస్సా నుంచి వార్సా దాకా తోలుకుపోయాడు. ఆ తర్వాత ఫ్రాన్సులో మళ్లీ గెలిచి, మెజోఁ-లఫిత్‌లో ట్రైనరయ్యాడు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు లాయం లాక్కున్నారు. 1941లో అమెరికా చేరి రోడ్డు పనికి పోయాడు. అరవై దగ్గరపడిన వయసులో, రెండు డెర్బీల విజేత, మళ్లీ ఇంకొకరి లాయంలో గుర్రాలకు చాకిరీ చేశాడు. ఆ పని చిన్నప్పటి నుంచి వచ్చు కాబట్టే తిరిగి ఫ్రాన్సు వెళ్లి నిలదొక్కుకున్నాడు. 1961లో విందుకని కెంటకీలోని లూయివిల్‌కు పిలిస్తే, నల్లవాడని హోటల్ ముందు గుమ్మంలోంచి రానివ్వలేదు. అది చదివినప్పుడల్లా నా కడుపు రగిలిపోతుంది.

నిన్నెవరూ రంగు చూసి ఆపడం లేదు. ఈ సీజన్ అయ్యేదాకా కదలకు. ఆదివారం ఫోన్ చేసినప్పుడు, ఆ వారం ఎక్కిన గుర్రాల్లో ఒకదాని గురించి చెప్పు. ఏ మలుపులో బరువు ఏ వైపు మోపుతుందో, పగ్గం ఎంత పట్టుకుంటే నెమ్మదిస్తుందో, పక్కన ఇంకో గుర్రముంటే బెదురుతుందో లేదో. ఎంతసేపైనా వింటాను.

మీ పెదనాన్న